బడి బట్టల చరిత్రలో మన ఆడపిల్లలు

ఆరేళ్ల కిందటి మాట. బడిలో ప్రార్థన జరుగుతోంది. ఏడో తరగతి అమ్మాయి ఒకతి చున్నీ లేకుండా వచ్చి వరసలో నిలబడింది. నేను ఆ పిల్లని బయటికి పిలిచి, ప్రార్థన అయ్యేదాకా అందరి ముందూ నిలబెట్టాను. పక్క వరసలో ఇద్దరు అబ్బాయిల చొక్కాలకి సగం గుండీలు లేవు. వాళ్లని ఏమీ అనలేదు. నిజం చెప్పాలంటే అది నా కంటికి ఆనలేదు.

మర్నాడు ఆ పిల్ల బడికి రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. మూడో రోజు సాయంత్రం గెడ్డ దాటి, ఎత్తెక్కి వాళ్ల ఊరు వెళ్లాను. ఇంట్లో దూలానికి ఆ చున్నీ కట్టి ఉంది. అందులో పసివాడు నిద్రపోతున్నాడు. "తమ్ముడికి ఉయ్యాల కట్టాం టీచరమ్మా, ఇంకో గుడ్డ లేదు" అంది వాళ్లమ్మ. ఆవిడ నన్ను తప్పు పట్టలేదు. అందుకే నాకు మరీ సిగ్గేసింది.

నేను టీటీసీ చదివినదాన్ని. రాజుల గురించి, యుద్ధాల గురించి పిల్లలకి పాఠాలు చెబుతాను. కానీ బడి బట్టలకి కూడా ఒక చరిత్ర ఉందని మాకు ఎవరూ చెప్పలేదు. ఆ తర్వాత చదివి తెలుసుకున్నది ఇక్కడ రాస్తున్నాను.

బడి పిల్లలందరికీ ఒకే దుస్తులు పెట్టడం మన దేశంలో పుట్టిన అలవాటు కాదు. 1552లో లండన్‌లో క్రైస్ట్స్ హాస్పిటల్ అనే బడి పెట్టారు. పేరులో హాస్పిటల్ అని ఉన్నా అది పేద పిల్లలకీ, దిక్కులేని పిల్లలకీ తిండి పెట్టి చదువు చెప్పిన చోటు. అక్కడి పిల్లలకి పొడుగాటి నీలం కోటు ఇచ్చారు. ఆ కోటు చూడగానే వీళ్లు ధర్మం మీద చదువుకునే పిల్లలని ఊరందరికీ తెలిసిపోయేది. అంటే యూనిఫాం మొదట గొప్పకి గుర్తుగా పుట్టలేదు. ఇచ్చేవాడెవడో, పుచ్చుకునేవాడెవడో చెప్పడానికి పుట్టింది. బట్ట ఇచ్చినవాడే అది ఎలా కట్టుకోవాలో కూడా చెబుతాడు. ఈ సంగతి మన ఆశ్రమ పాఠశాలల్లో చదివినవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు.

మనలాంటి జనాల విషయంలో ఈ కథ ఇంకా కఠినంగా నడిచింది. అమెరికాలో 1879లో రిచర్డ్ హెన్రీ ప్రాట్ అనే సైనికాధికారి పెన్సిల్వేనియా రాష్ట్రంలో కార్లైల్ అనే చోట అక్కడి ఆదివాసీ పిల్లల కోసం హాస్టలు బడి పెట్టాడు. పాత సైనిక బ్యారకుల్లోనే ఆ బడి నడిచింది. పిల్లలు రాగానే వాళ్ల సొంత బట్టలు తీసేయించేవారు. మగపిల్లల పొడుగు జుట్టు కత్తిరించి సిపాయిల్లాంటి దుస్తులు తొడిగేవారు. ఆడపిల్లలకి తెల్లవాళ్ల ఇళ్లలో వేసుకునే పొడుగు గౌన్లు వేసేవారు. వచ్చినప్పుడు ఒక ఫొటో, మార్చాక ఒక ఫొటో తీసి "చూడండి, నాగరికులయ్యారు" అని లోకానికి చూపించేవారు. రోజులో సగం చదువు, సగం పని. మగపిల్లలకి వడ్రంగం, కమ్మరం వంటివి. ఆడపిల్లలకి కుట్టుపని, బట్టలుతకడం, ఇస్త్రీ. బడిలో అందరూ వేసుకునే బట్టలు కుట్టిందీ, ఉతికిందీ ఎక్కువగా ఆ ఆడపిల్లలే. 1918లో ఆ బడి మూతపడింది.

అలాంటి ఇంకో బడిలోకి 1884లో ఎనిమిదేళ్ల పిల్ల ఒకతి వెళ్లింది. యాంక్టన్ డకోటా తెగ పిల్ల. తర్వాత జిట్‌కాలా-షా అనే పేరుతో రచయిత్రి అయింది. తన జుట్టు కత్తిరించిన రోజు గురించి ఆమె 1900లో రాసింది. వాళ్ల తెగలో జుట్టు కురచగా ఉండడం చావు దుఃఖానికో, పిరికితనానికో గుర్తు. అందుకని ఆ పిల్ల మంచం కింద దాక్కుంది. లాగి, కుర్చీకి కట్టి కత్తిరించారు. పెద్దయ్యాక ఆమె కొంతకాలం కార్లైల్‌లోనే టీచరుగా పనిచేసింది, ఆ పద్ధతులు తప్పని రాసింది. టీచరై ఉండి బడి తప్పు చెప్పడం ఎంత కష్టమో నాకు తెలుసు.

ఇక మన కొండల సంగతి. మా అరకు వైపు గదబ ఆడవాళ్లు ఒకప్పుడు కెరంగ్ అనే చెట్టు నార తీసి, నూలుతో కలిపి, చారల గుడ్డ తామే నేసుకునేవారు. 1909లో థర్‌స్టన్ అచ్చువేసిన దక్షిణ భారత కులాలు, తెగల పుస్తకాల్లో ఆ గుడ్డ ప్రస్తావన ఉంది. నార తీసేది ఆడదే, నేసేది ఆడదే, కట్టుకునేది ఆడదే. వెనకటి రోజుల్లో అంతా సమానమే అని నేను అనను. మన ఊళ్లలోనూ ఆడదానికి కట్టుబాట్లు ఉన్నాయి, పంచాయితీలో మాట లేదు. కానీ పొలంలో వంగడానికి, కొండ ఎక్కడానికి, గెడ్డ దాటడానికి వీలుగానే మన ఆడవాళ్లు గుడ్డ కట్టుకున్నారు. పనికి అడ్డం వచ్చే గుడ్డ మనకి బయటినుంచి వచ్చింది.

గుడ్డ మీద అధికారం ఎవరిదన్న గొడవ మైదానంలో ఇంకా పెద్దది. తిరువితాంకూరు రాజ్యంలో నాడార్ ఆడవాళ్లు పైభాగాన గుడ్డ కప్పుకోకూడదని అక్కడి పై కులాలు శాసించాయి. వాళ్లు కప్పుకున్నారు. కొట్టారు, గుడ్డలు చింపారు. 1820ల నుంచీ అల్లర్లు జరిగాయి. చివరికి 1859 జూలై 26న రాజు ప్రకటన ఇచ్చి కప్పుకోవచ్చన్నాడు. అందులో కూడా మెలిక ఉంది: పై కులాల ఆడవాళ్లలాగా మాత్రం కప్పుకోకూడదు! అక్కడ కప్పుకుంటే తప్పు. నా బడిలో కప్పుకోకపోతే తప్పు. రెండుచోట్లా ఆడదాన్ని అడిగినవాళ్లు లేరు.

నేను ఆశ్రమ పాఠశాలలో చదివింది 1990ల మొదట్లో. అబ్బాయిలకి నిక్కరు, చొక్కా. మాకు లంగా, జాకెట్టు. ఎనిమిదో తరగతికి రాగానే ఓణీ తప్పనిసరి. రెండు జడలు, రిబ్బన్లు. ఒకరికొకరం జడలు వేసుకోవడానికి మేము అబ్బాయిలకన్నా ముందు లేచేవాళ్లం. వానాకాలం లంగా అంచు తడిసి, బురద పట్టి, సాయంత్రందాకా కాళ్లకి చుట్టుకునేది. ఖోఖో ఆటలో ఓణీ నడుముకి బిగించి కట్టుకుంటే "ఆడపిల్లవి, అలా కడతావా?" అనేవారు. వదిలేస్తే కాలికి తగిలి పడేదాన్ని. తొమ్మిదో తరగతిలో ఆట మానేశాను. ఎవరూ మానమనలేదు.

తర్వాత ఓణీ పోయి పంజాబీ డ్రెస్ వచ్చింది. అది పెద్ద మేలే. కాళ్లు విడిపడ్డాయి. కానీ ఓణీ తన చోటు చున్నీకి ఇచ్చి వెళ్లింది. 2010లో విద్యాహక్కు చట్టం అమలయ్యాక, సర్వశిక్షా అభియాన్ కింద ప్రభుత్వ బడుల్లో ఎనిమిదో తరగతిదాకా ఆడపిల్లలందరికీ, ఎస్సీ, ఎస్టీ, పేద మగపిల్లలకీ ఏడాదికి రెండు జతలు ఇచ్చారు. ఆంధ్రప్రదేశ్‌లో 2020 నుంచి మూడు జతల గుడ్డ ఇచ్చారు. ఈ బట్టల వల్ల మన పిల్లలు ఎంతమంది బడి మెట్టెక్కారో నేను కళ్లారా చూశాను. ఇవ్వడంలో ఆడపిల్లని ముందు పెట్టారు. ఎలా ఉండాలని అడగడంలో మాత్రం ఆ పిల్ల ఊసే లేదు.

అడిగిన చోట ఏమైందో కేరళ చూపించింది. ఎర్నాకుళం జిల్లా వలయన్‌చిరంగర ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలో అబ్బాయిలకీ అమ్మాయిలకీ ఒకేలాంటి చొక్కా, మోకాళ్ల దాకా నిక్కరు పెట్టారు. తల్లిదండ్రులతో మాట్లాడి చేసిన పని అది. 2021 డిసెంబరులో కోళికోడ్ జిల్లా బాలుస్సేరి హయ్యర్ సెకండరీ స్కూలులో ప్యాంటు, చొక్కా వచ్చాయి. మగవాళ్ల దుస్తులు ఆడపిల్లల మీద రుద్దుతున్నారని కొన్ని సంఘాలు ఆందోళన చేశాయి. 2022 ఆగస్టులో ఆ రాష్ట్ర ముఖ్యమంత్రి, ఏ దుస్తులూ ప్రభుత్వం బలవంతంగా పెట్టదని శాసనసభలో చెప్పారు.

ఆందోళన చేసినవాళ్ల మాటలో ఒక ముక్క నేనూ ఆలోచించాను. సమానం అన్నప్పుడల్లా అమ్మాయి అబ్బాయి బట్ట వేసుకోవాలి, అబ్బాయి మాత్రం ఉన్నచోటే ఉంటాడు. ప్యాంటు కూడా బలవంతమైతే అది ఇంకో చున్నీయే. న్యాయం ఎంచుకోవడంలో ఉంది. అమెరికాలో నార్త్ కరోలినాలో ఒక బడి అమ్మాయిలు స్కర్టులే వేసుకోవాలంది. కాళ్లు ఎలా పెట్టుకోవాలా అని చూసుకుంటూ ఆటలు ఆడలేకపోతున్నామని పిల్లలు చెప్పారు. 2022 జూన్‌లో ఫెడరల్ అప్పీలు కోర్టు ఆ నియమం రాజ్యాంగం ఇచ్చిన సమాన రక్షణకి విరుద్ధమంది. 2010లో టెక్సాస్‌లో పొడుగు జుట్టున్న ఆదివాసీ అబ్బాయి పక్షాన కూడా అలాంటి కోర్టే తీర్పిచ్చింది. ఈ నియమాలు మగపిల్లల్నీ వదలవని దీన్నిబట్టి తెలుస్తుంది.

మా బడిలో మేము చేసినవి చిన్నవి. మొదట గోడ మీది నియమాలు లెక్కపెట్టాను. దుస్తుల గురించి అబ్బాయిలకి రెండు, అమ్మాయిలకి ఆరు. తల్లిదండ్రుల కమిటీలో ఆ కాగితం చదివి వినిపించాను. ఒక తాత లేచి "మా మనవడు చెట్టెక్కితే మెచ్చుకుంటారు, మనవరాలు ఎక్కితే బట్ట చూస్తారేం?" అన్నాడు. చున్నీ ఇష్టమైతే వేసుకోవచ్చు, లేకపోతే ప్రార్థనలో ఎవరినీ నిలబెట్టకూడదని రాసుకున్నాం. ఆటల పూట ప్యాంటు, టీషర్టు ఏది ఉంటే అది. శనివారం తెల్ల డ్రెస్ తీసేశాం. ఆ రోజు పెద్ద పిల్లలు ఎందుకు రావడం లేదో టీచరమ్మలందరికీ తెలుసు, ఎవరమూ పైకి అనలేదు. గుడ్డ ఇక్కడే కుట్టిస్తాం కాబట్టి అమ్మాయిల టాప్‌కి కూడా జేబు పెట్టమని టైలరుకి చెప్పాం. జేబు వచ్చిన రోజు పిల్లలు అందులో చేతులు పెట్టుకుని బడంతా తిరిగారు.

మా పై అధికారి ఒకరు తనిఖీకి వచ్చి "క్రమశిక్షణ తగ్గింది" అన్నారు. హాజరు పట్టీ చూపించాను. ఆయన సంతకం పెట్టి వెళ్లారు, మెచ్చుకోలేదు.

ఆ రోజు నేను నిలబెట్టిన పిల్ల మూడు వారాల తర్వాత బడికి తిరిగొచ్చింది. ఏడో తరగతి అయ్యాక పై చదువుకి వెళ్లలేదు. దానికి కారణాలు చాలా ఉన్నాయి, నేనూ అందులో ఒకదాన్ని. సాటి టీచర్లను నేను అడిగేది ఒకటే. రేపు బడికి వెళ్లాక మీ గోడ మీది నియమాలు లెక్కపెట్టండి. ఎవరికి ఎన్ని ఉన్నాయో చూడండి.