శాన్ వాకీన్ నేల

శాన్ వాకీన్ నేల అమెరికా సంయుక్త రాష్ట్రాలలోని కాలిఫోర్నియా మధ్య లోయలో, సియెర్రా నెవాడా పర్వతాల దిగువన ఉన్న మెట్ట భూములలో కనిపించే ఒక రకపు గరప నేల. ఇది స్పానిష్ పేరు కావడం వలన 'వాకీన్' అని పలుకుతారు. ఆంగ్ల అక్షరక్రమాన్ని బట్టి 'శాన్ జోక్విన్' అని వ్రాయడం కూడా వాడుకలో ఉన్నది. ఉపరితలం నుండి 50 – 100 సెంటీమీటర్ల లోతులో, రాయివలె బిగిసిన గట్టిపొర ఉండడం దీని ముఖ్య లక్షణం. 1900లో జరిగిన ఫ్రెస్నో ప్రాంతపు నేలల సర్వేలో దీనిని గుర్తించారు. 1997లో ఇది కాలిఫోర్నియా రాష్ట్ర అధికారిక నేల అయినది. ఇందుకోసం కృషి చేసినవారిలో మడేరా పట్టణపు మాధ్యమిక పాఠశాల విద్యార్థులు కూడా ఉన్నారు.

వాతావరణం, భూస్వరూపం

ఈ ప్రాంతంలో సగటు వార్షిక వర్షపాతం సుమారు 380 మి.మీ. మాత్రమే. ఇది అనంతపురం ప్రాంతపు వర్షపాతం కంటే కూడా తక్కువ. పైగా వర్షం దాదాపు అంతా శీతాకాలంలోనే పడుతుంది. వేసవి పూర్తిగా పొడిగా ఉంటుంది. భూమి చదునుగా గాని, 9 శాతం వరకు వాలుతో గాని ఉంటుంది. దున్నని చోట్ల చిన్న చిన్న దిబ్బలు, వాటి మధ్య పల్లాలు కనిపిస్తాయి. ఈ దిబ్బలు ఎలా ఏర్పడ్డాయన్న విషయంలో శాస్త్రజ్ఞుల మధ్య ఏకాభిప్రాయం లేదు.

నేల పొరలు

పై పొర గోధుమ రంగు గరప. దాని క్రింద ఎరుపు కలిసిన బంకమన్ను పొర ఉంటుంది. పై పొర నుండి బంకమన్నుకు మార్పు క్రమంగా కాక, గీత గీసినట్లు ఒక్కసారిగా జరుగుతుంది. బంకమన్ను క్రింద గట్టిపొర ఉంటుంది. నేలల వర్గీకరణలో ఇది ఆల్ఫిసాల్స్ అనే తరగతికి చెందినది. హైదరాబాదు సమీపంలోని పటాన్‌చెరు ఎర్ర నేలలు కూడా ఈ తరగతిలోనివే. అయితే పోలిక అంతవరకే. తెలంగాణ చల్కా నేలలు ఎండినప్పుడు గట్టిపడి, తడిసినప్పుడు మెత్తబడతాయి. శాన్ వాకీన్ గట్టిపొర ఎంత తడిసినా మెత్తబడదు.

గట్టిపొర

ఒకే లోతున పదే పదే దున్నడం వలన ఏర్పడే నాగలి అడుగు గట్టిపొర వేరు, ఇది వేరు. మొదటిది మట్టి అణగడం వలన కొద్ది సంవత్సరాలలో ఏర్పడుతుంది. రెండవదానిని డ్యూరిపాన్ అంటారు. సియెర్రా నెవాడా నుండి నదులు తెచ్చి వేసిన గ్రానైట్ మూలపు ఒండ్రు, లక్ష సంవత్సరాలకు పైగా వర్షపు నీటికి గురైనది. ఖనిజాల నుండి కరిగిన సిలికా నీటితో పాటు క్రిందికి దిగి, నీరు ఆవిరైన చోట పేరుకొని, ఇనుము ఆక్సైడులతో కలిసి రేణువులను సిమెంటు వలె అతికించినది. వర్షం చాలినంతగా ఉంటే సిలికా కొట్టుకొనిపోయేది; మరీ తక్కువైతే కరిగేదే కాదు.

సున్నపు పొరకూ దీనికీ తేడా తెలుసుకోవడం సులభం. సున్నపు పొర ముక్కపై ఆమ్లం వేస్తే పొంగి కరిగిపోతుంది. డ్యూరిపాన్ ముక్క నీటిలో నానదు, ఆమ్లంలోనూ విడిపోదు. గాఢమైన వేడి క్షారంలో మాత్రమే విడిపోతుంది.

నీరు, వేళ్ళు

ఈ పొర మొక్కలను రెండు విధాల బాధిస్తుంది. శీతాకాలంలో వర్షపు నీరు క్రిందికి పోలేక పొర మీద నిలిచి, వేళ్ళకు గాలి అందకుండా చేస్తుంది. వేసవిలో వేళ్ళు పొరను దాటి లోతుకు పోలేవు. ముప్పావు మీటరు గరప నేల మొక్కకు అందించగల నీరు సుమారు 11 సెంటీమీటర్లు. జులై నెల ఎండలో పెద్ద తోటకు ఇది మూడు వారాలకు మించి చాలదు.

వరికి మాత్రం ఈ లోపమే సౌకర్యం. దమ్ము చేసి నీటిని ఇంకనీయకుండా చేయడానికి తెలుగు రైతు పడే శ్రమ ఇక్కడ ప్రకృతి ముందే చేసి పెట్టినది. అందువలన ఈ నేలలో సాగునీరు ఉన్న కొన్ని చోట్ల వరి పండించారు.

వ్యవసాయం

మొదట ఇక్కడ వర్షాధారంగా గోధుమ పండించేవారు. కాలువ నీరు పారించడానికి దిబ్బలను చదును చేయవలసి వచ్చినది. ఈ అవసరం నుండే 'ఫ్రెస్నో స్క్రేపర్' అనే గుర్రపు పరికరం పుట్టినది. జేమ్స్ పోర్టియస్ దీనికి 1883లో పేటెంటు పొందాడు. పండ్ల మొక్కలు నాటడానికి ఇరవయ్యవ శతాబ్దపు తొలినాళ్ళలో డైనమైట్‌తో గుంటలు పేల్చేవారు. తరువాత బుల్‌డోజరుకు పొడవైన ఉక్కు కొక్కెం తగిలించి పొరను చీల్చడం మొదలైనది. ఈ పని నేల పూర్తిగా ఎండినప్పుడే చేయాలి. తడిగా ఉన్నప్పుడు పొర పగలదు, సన్నని చీలిక మాత్రం పడి మళ్ళీ బంకమన్నుతో పూడుకొనిపోతుంది. ద్రాక్ష, బాదం, నారింజ, అత్తి తోటలు ఇలా చీల్చిన భూములలో పెరుగుతున్నాయి.

ఫ్రెస్నోలో బాల్డసారే ఫొరెస్టియెరె (1879–1946) అనే సిసిలీ వలసదారుడు నారింజ తోట కోసం భూమి కొన్నాడు. గట్టిపొర వలన తోట సాధ్యపడక, 1906 నుండి దాదాపు నలభై సంవత్సరాల పాటు ఆ పొర క్రింద గదులు త్రవ్వాడు. పొర నుండి తీసిన దిమ్మలతోనే కమానులు కట్టి, పైకప్పు రంధ్రాల క్రింద పండ్ల చెట్లు నాటాడు. ఈ భూగర్భ తోటలు నేటికీ సందర్శకులకు తెరిచి ఉన్నాయి.

వసంతపు మడుగులు

దున్నని పల్లాలలో శీతాకాలపు నీరు నిలిచి మడుగులు ఏర్పడతాయి. వేసవికి ఇవి పూర్తిగా ఎండిపోతాయి. నీరు తగ్గే కొద్దీ అంచుల వెంబడి పసుపు, నీలి పువ్వులు వలయాలుగా పూస్తాయి. ఎండిన మట్టిలో గుడ్లుగా నిలిచి, మరుసటి వర్షానికి పొదిగే చిన్న రొయ్య జాతులు ఇక్కడ ఉన్నాయి. చేపలు బ్రతకలేని చోటు కావడమే వాటికి రక్షణ. వీటిలో కొన్నింటిని 1994లో సమాఖ్య ప్రభుత్వం ఆపదలో ఉన్న జీవుల జాబితాలో చేర్చినది. పొరను ఒక్కసారి చీల్చితే మడుగు నిలవదు. మనిషి కాలమానంలో ఆ పొర తిరిగి అతుక్కోదు.

ఇటువంటి భూమిని చీల్చడం మామూలు దుక్కియేనా అన్న ప్రశ్న న్యాయస్థానానికి చేరినది. మధ్య లోయలోని బోర్డెన్ రాంచ్ అనే పశువుల క్షేత్రాన్ని ద్రాక్ష, పండ్ల తోటలుగా మార్చే క్రమంలో, నీటిని నిలిపే అడుగు పొరను అనుమతి లేకుండా చీల్చారు. స్వచ్ఛ జల చట్టం క్రింద ఇందుకు అనుమతి అవసరమని 2001లో అప్పీలు న్యాయస్థానం తీర్పు చెప్పినది. 2002లో సుప్రీం కోర్టు న్యాయమూర్తులు నలుగురు ఒకవైపు, నలుగురు మరొకవైపు నిలవడంతో ఆ తీర్పే అమలులో నిలిచినది. అయితే 2023లో సుప్రీం కోర్టు మరొక వ్యాజ్యంలో, నదులు, సరస్సుల వంటి జలాలతో ఉపరితలాన ఎడతెగని సంబంధం లేని చిత్తడి నేలలు ఈ చట్టం పరిధిలోకి రావని చెప్పినది. విడివిడిగా ఉండే మడుగులకు ఈ సమాఖ్య రక్షణ దీనితో బాగా తగ్గినది. కాలిఫోర్నియా రాష్ట్ర జల చట్టం మాత్రం వాటికి వర్తిస్తుంది.

భూగర్భ జలం

భూగర్భ జలాల వాడకాన్ని నియంత్రిస్తూ కాలిఫోర్నియా 2014లో చట్టం చేసినది. ఆ తరువాత వరద నీటిని పొలాలలో నిలిపి ఇంకించే ప్రయత్నాలకు ప్రాధాన్యం పెరిగినది. సహజ స్థితిలో శాన్ వాకీన్ నేల ఇందుకు పనికిరాదు. 2015లో వెలువడిన ఒక నేలల అనుకూలతా సూచికలో, లోతుగా చీల్చిన తోటలను వేరుగా లెక్కించి, వాటిలో నీరు ఇంకే అవకాశం ఎక్కువని చూపించారు.