పదిహేను రోజుల నుస్ఖా, నూట డెబ్బై ఏళ్ల వజన్

షాదీల సీజన్ వస్తే చాలు, మన ఇళ్లలో ఫోన్లకు నుస్ఖాలు మొదలవుతాయి. జీరా నీళ్లు, మెంతిపొడి, "పదిహేను రోజుల్లో పది కిలోలు" అంటూ ఏదో పౌడర్ డబ్బా. ఫార్వర్డ్ చేసే ఆపాలది మంచి నియ్యతే. కాదనను. కానీ మన గోదావరి జిల్లాల మోటాపాకు ఒక తవారీఖ్ ఉంది. అది తెలిస్తే ఈ నుస్ఖాల మీద యకీన్ దానంతటదే తగ్గుతుంది.

1833 నాటి కరువులో ఈ ప్రాంతం ఆకలితో అల్లాడింది. 1847లో ఆర్థర్ కాటన్ ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట పని మొదలుపెట్టాడు. 1852కి అది పూర్తయింది. కాలువలొచ్చాయి, వరి వచ్చింది, ఆకలి తగ్గింది. ఆ తర్వాత మిల్లులొచ్చి తవుడు తీసేసిన తెల్ల బియ్యం ఇచ్చాయి. పొద్దస్తమానం చేలో వంగిన ఒంటికి ఆ అన్నం చెల్లిపోయేది. ఇప్పుడు దున్నేది ట్రాక్టరు, కోసేది మిషను. కంచం మాత్రం తాత జమానాదే. దాని పక్కన బేకరీ, కూల్‌డ్రింకు, వారానికో దావత్ వచ్చి చేరాయి.

ఇది ఊరికే అంటున్న మాట కాదు. ఉభయ గోదావరి జిల్లాల్లో 20 పల్లెల్లో ముప్పై దాటిన వాళ్లను పరీక్షిస్తే నూటికి 13 మందికి షుగర్ ఉందని 2006లో అచ్చయిన అధ్యయనం తేల్చింది. 2003-04లో 45 పల్లెల మరణాలను లెక్కిస్తే మూడో వంతుకు దగ్గరగా గుండె, రక్తనాళాల జబ్బులవే. పట్నాలు కావవి, పల్లెలు.

ఇంత కాలం పట్టి చేరిన బరువును పక్షం రోజుల్లో దించుతామనే వాళ్లూ కొత్తగా పుట్టలేదు. 1863లో లండన్‌లో విలియం బాంటింగ్ అనే ఆయన రొట్టె, చక్కెర, బంగాళాదుంప మానేసి సన్నబడ్డానని చిన్న పుస్తకం వేస్తే జనం ఎగబడ్డారు. కీటో అనే పేరు 1921లో అమెరికాలోని మేయో క్లినిక్‌లో పుట్టింది. అది మూర్ఛరోగులకు ఇలాజ్‌గా, డాక్టర్ల నిగరానీలో పెట్టిన తిండి. 2018 ప్రాంతంలో వీరమాచనేని రామకృష్ణ చెప్పిన డైట్ మన దగ్గర ఊరూరా పాకింది. అన్నం బంద్, కొబ్బరినూనె, నిమ్మకాయలు. సన్నబడిన వాళ్లున్నారు. అయితే పిండి పదార్థం మానేసిన తొలి వారాల్లో కాటా మీద తగ్గేదాంట్లో చాలా భాగం ఒంట్లోని నీరు. అన్నం మళ్లీ మొదలైతే అదీ మళ్లీ వస్తుంది.

ఇష్తిహార్ల సంగతికొస్తే, ఇందులో మన వాళ్ల కథ ఒకటుంది. 1954లో మాయ మందుల ప్రకటనలను అడ్డుకునే కానూన్ వచ్చింది. 1906లో హకీం అబ్దుల్ మజీద్ ఢిల్లీలో పెట్టిన హమ్‌దర్ద్ దవాఖానా దాన్ని సవాల్ చేస్తూ సుప్రీంకోర్టుకెళ్లింది. 1959 డిసెంబరులో ఫైసలా వచ్చింది. జబ్బుకు మందు అమ్ముకునే ఇష్తిహార్ వాక్ స్వాతంత్ర్యం కిందికి రాదని కోర్టు అంది. జబ్బుల జాబితాను సర్కారు ఇష్టమొచ్చినట్టు పెంచుకునే వీలును మాత్రం కొట్టేసింది. హమ్‌దర్ద్ వాదనలో ఆ ముక్క నిలిచిందన్నమాట. అందుకే 1963లో సవరణ తెచ్చి 54 జబ్బుల పేర్లు కానూన్‌లోనే రాశారు. అందులో షుగర్ ఉంది, ఊబకాయమూ ఉంది. యునానీ అయినా, ఆయుర్వేదమైనా, అల్లోపతీ అయినా వాటిని నయం చేస్తామని జనానికి ప్రకటన ఇవ్వడం జుర్మ్. తొలిసారి దొరికితే ఆరు నెలల దాకా ఖైదు పడొచ్చు. అంటే గోడ మీద మీరు చదివే ఆ వాగ్దానమే నేరం.

నా ఫికర్ ఎక్కువగా షుగర్ మాత్రలు వేసుకునే అమ్మీల గురించి, ఖాలాల గురించి. గ్లిమిపిరైడ్ లాంటి మాత్ర వేసుకుంటూ డాక్టరును అడగకుండా అన్నం ఒక్కసారిగా మానేస్తే షుగర్ పడిపోయి స్పృహ తప్పొచ్చు. రోజాలకు ముందు డాక్టరును అడిగి మాత్ర సర్దుకునే మనం, డైట్ ముందు ఎందుకు అడగం?

పొట్టలో మూడో వంతు తిండికి, మూడో వంతు నీళ్లకు, మిగతాది శ్వాసకు వదలమని మన ప్రవక్త (స) నేర్పారు. అందులో గడువు లేదు, డబ్బా లేదు. ఈసారి నుస్ఖా వస్తే పంపినవాళ్లను రెండు సవాళ్లు అడగండి: ఇది ఎవరు అమ్ముతున్నారు? ఏడాది తర్వాత ఆ మనిషి వజన్ ఎంత?