ఒక్కరే కట్టిన లోకాలు

1995లో సియాటిల్ నుంచి మెకింటోష్ కంప్యూటర్ల కోసం 'ఎగ్జైల్: ఎస్కేప్ ఫ్రమ్ ది పిట్' అనే రోల్ ప్లేయింగ్ గేమ్ వచ్చింది. ఒక సామ్రాజ్యం తనకు గిట్టని మనుషులందరినీ భూగర్భ గుహల్లోకి తోసేస్తుంది. తిరిగి పైకి వచ్చే దారి లేదు. అలా కిందికి చేరిన ఆరుగురిని మనం నడిపిస్తాం. పైకి దారి వెతకవచ్చు, చక్రవర్తి హాథార్న్ మీద పగ తీర్చుకోవచ్చు, గ్రా-హోత్ అనే రాక్షసుణ్ణి మట్టుపెట్టవచ్చు. ఏది ముందో ఏది వెనకో ఆడేవాళ్ల ఇష్టం. తెర మీద కనిపించేవి పైనుంచి చూసినట్టుండే చిన్న చిన్న గళ్లు. ఎదుట ఏముందో, ఎవరేమన్నారో చెప్పే బాధ్యత చాలావరకు అక్షరాలదే. దీన్ని తయారుచేసిన జెఫ్ వోగెల్ గణితంలో పైచదువులు చదువుతూ 1994లో స్పైడర్‌వెబ్ సాఫ్ట్‌వేర్ అనే చిన్న సంస్థ పెట్టుకున్నారు. ఇలాంటి ఆటల్ని చూసినవాళ్లు, పాపం డబ్బు లేక ఇంతటితో సరిపెట్టుకున్నారని అనుకోవడం మామూలే. నేను ఆ మాట ఒప్పుకోను. అమెరికాలో ఈ కళ నడిచిన యాభై ఏళ్లను పరికిస్తే, ఒంటరిగా పనిచేసే డెవలపర్‌కు పెద్ద కంపెనీకి లేని వెసులుబాటు ఒకటి కనిపిస్తుంది. ఆటగాడి నిర్ణయానికి తగిన ఫలితం చూపించడం అతనికి చవక. రోల్ ప్లేయింగ్ గేమ్‌కు ప్రాణమే అది.

లెక్క సులభమే. ఒక సన్నివేశానికి నటులతో గొంతులు చెప్పించి, కదలికలు గీయించి, సంగీతం కట్టించిన కంపెనీ, కొన్నవాళ్లందరూ దాన్ని చూడాలని ఆశిస్తుంది. అంత డబ్బు పెట్టినప్పుడు ఆశించడం తప్పూ కాదు. కానీ ఆ ఆశే కథలో చీలిన దారులన్నిటినీ మళ్లీ ఒకే రోడ్డు మీదికి తోలుకొస్తుంది. ఒంటరి రచయితకు అదే సన్నివేశం నాలుగు పేరాల పని. పదిమందిలో ఒక్కరే అటు వెళ్లినా అతనికి పోయేదేమీ లేదు. అందుకే ఆ దారిని ఉంచగలడు.

ఈ వెసులుబాటు మొదటి నుంచీ ఉన్నదే. 1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్‌ల 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' విస్కాన్సిన్ రాష్ట్రంలోని లేక్ జెనీవా అనే చిన్న ఊరి నుంచి వెలువడింది. బల్ల చుట్టూ కూర్చున్న నలుగురూ మాటలతో, పాచికలతో నడిపే ఆట అది. మరుసటి ఏడాదికే ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలోని ప్లేటో కంప్యూటర్ మీద రస్టీ రూథర్‌ఫర్డ్ 'పీఎడిట్5' రాశారు. ఆ పేరు చూస్తే ఆట అని తెలియదు. చదువుల కోసం నెలకొల్పిన కంప్యూటర్ కాబట్టి నిర్వాహకులు దాన్ని చెరిపేసేవారు. హ్యూస్టన్ శివార్లలో వ్యోమగామి ఓవెన్ గారియట్ కొడుకు రిచర్డ్, స్కూల్లోని టెలిటైప్ మీద బేసిక్ భాషలో ఇలాంటి ఆటలు ఒకదాని తర్వాత ఒకటి రాసి, వరుసగా అంకెలు వేసుకున్నాడు. ఇరవై ఎనిమిదో ప్రయత్నం 'అకలబెత్' అయింది. వేసవిలో తను పనిచేసిన కంప్యూటర్‌ల్యాండ్ దుకాణంలోనే జిప్ సంచుల్లో పెట్టి అమ్మాడు. అట్ట మీద బొమ్మ వాళ్లమ్మ గీసింది. తర్వాత కాలిఫోర్నియా పసిఫిక్ అనే సంస్థ దాన్ని దేశమంతటా అమ్మింది. ముప్పై వేల ప్రతులు పోయాయని గారియట్ చెబుతారు.

అయితే నా వాదనకు అసలు బలం 1985లో వచ్చిన 'అల్టిమా 4'. అప్పటికి గారియట్‌కు ఆరిజిన్ సిస్టమ్స్ అనే సొంత కంపెనీ ఉన్నా, ఆట రూపకల్పన ప్రధానంగా ఆయన ఒక్కరిదే. ఇందులో చివర చంపాల్సిన విలన్ లేడు. నిజాయితీ, కరుణ, శౌర్యం, న్యాయం, త్యాగం, గౌరవం, ఆధ్యాత్మికత, వినయం అనే ఎనిమిది గుణాలను సాధించడమే గెలుపు. మన వైకుంఠపాళిలోనూ గుణాలు నిచ్చెనలు, దుర్గుణాలు పాములు. కానీ అక్కడ మనిషిని ఎక్కించేదీ దించేదీ పాచిక. గారియట్ ఆ పని ఆటగాడి నడతకు అప్పగించారు. మంత్రాలకు కావాల్సిన దినుసులు అమ్మే చూపులేని వ్యాపారి ఒకరు ఆ ఆటలో ఉంటారు. ఇన్ని నాణేలైందని చెప్పి, లెక్కపెట్టి ఇవ్వడం మనకే వదిలేస్తారు. తక్కువ ఇచ్చినా సరుకు చేతికొస్తుంది, గొడవేమీ జరగదు. లోపల మాత్రం నిజాయితీ లెక్కలో కోత పడుతుంది. ఎన్నో గంటల తర్వాత, ఎందుకో ముందుకు కదలలేకపోతున్నామని గ్రహించినప్పుడు గానీ ఆ కక్కుర్తి గుర్తుకు రాదు. ప్రోగ్రాముకు ఇది ఒక అంకెను తగ్గించడం, అంతే. దానికి బొమ్మలక్కర్లేదు, నటులక్కర్లేదు. ఆటగాణ్ణి తన చేతల గురించి ఆలోచింపజేసే ఇంత పదునైన పనిముట్టు ఇంత చవకగా దొరికిందంటే, ఈ కళలో గొప్పతనానికీ బడ్జెట్‌కూ ముడిపెట్టడం ఎంత తొందరపాటో తెలుస్తుంది.

1992లో ఆరిజిన్‌ను ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ కొనేసింది. సీడీలొచ్చాయి, త్రీడీ వచ్చింది, ఖర్చులు పెరిగాయి. ఒంటరి చేతులకు మిగిలిన సందు షేర్‌వేర్. 1982లో ఆండ్రూ ఫ్లూగెల్‌మన్, జిమ్ నాఫ్‌లు తమ ప్రోగ్రాములతో మొదలుపెట్టిన పద్ధతి అది: ముందు వాడి చూడండి, పనికొస్తే డబ్బు పంపండి. వోగెల్ అదే దారి పట్టారు. ఆటలో పెద్ద భాగం ఉచితంగా ఇచ్చి, మిగతాది కావాలంటే కొనమన్నారు. ఉచిత భాగంలోనే మనిషిని పట్టుకోవాలంటే చేతిలో ఉన్నది రాత ఒక్కటే కాబట్టి, ఆయన శ్రమంతా అటే మళ్లింది.

2001లో మొదలైన 'జెనెఫోర్జ్' వరుసలో ఆ శ్రమ ఫలం చూడవచ్చు. షేపర్లు అనే మాంత్రిక వర్గం జీవులను సృష్టించి సేవ చేయించుకుంటుంది. ఆ వర్గంలో చేరబోయే శిష్యుడు, నిషేధించి వదిలేసిన సుషా దీవిలో చిక్కుకుంటాడు (ఆ పేరున్న దీవి వాషింగ్టన్ రాష్ట్రంలో నిజంగానే ఉంది). యజమానులు విడిచిపోయిన సేవక జీవులు అక్కడ మూడు వర్గాలైపోయాయి. ఒబేయర్లు ఇంకా పాత దొరలకే మొక్కుతున్నారు. అవేకెన్డ్ వర్గం సమానంగా చూడమంటోంది. టేకర్లు కత్తి పట్టాల్సిందే అంటున్నారు. ఎవరితో చేరినా, ఎవరితోనూ చేరకపోయినా ఆట నడుస్తుంది. దారిలో దొరికే కొన్ని గొట్టాలు వాడితే శక్తి పెరుగుతుంది, మనసు మాత్రం మారిపోతుంది. ఎన్ని వాడామో ముగింపులో తేలుతుంది. మూడు వర్గాలకూ వాదనలు రాసి, ఏ వాదననూ దిష్టిబొమ్మ చేయకుండా నిలబెట్టడం కలం పని. దొర, బానిస, తిరుగుబాటు అనే ప్రశ్న అమెరికా చరిత్రలో ఎంత లోతుగా దిగిందో తెలిసిన పాఠకులకు ఆ వాదనలు ఊరికే కల్పనగా అనిపించవు.

ఇంకో సంగతి. వోగెల్ ఒకే ఆటను మూడుసార్లు కట్టారు. 1995 నాటి 'ఎగ్జైల్' 2000లో 'అవెర్నమ్' అయింది, 2011లో 'అవెర్నమ్: ఎస్కేప్ ఫ్రమ్ ది పిట్' అయింది. ఆరుగురు సభ్యులు నలుగురయ్యారు, పైనుంచి చూసిన గళ్లు వాలుగా కనిపించే బొమ్మలయ్యాయి. ఒక ఆట కోసం తయారైన బొమ్మలను మరో ఆటలో వాడటానికీ ఆయన వెనకాడలేదు. ఇది బద్ధకమని విమర్శించినవాళ్లున్నారు. ఆయన ఆటలు అందంగా ఉండవన్న మాట నిజమే, ఆ సంగతి ఆయనే బహిరంగంగా రాశారు. అయినా విమర్శకులు ఒకటి మరిచిపోతున్నారు. గోడ బొమ్మ మళ్లీ గీయకపోవడం వల్ల మిగిలిన నెలలు కొత్త ఊళ్లకూ, కొత్త మాటలకూ వెళ్లాయి. ఏం వదిలేయాలో తెలియడం డిజైన్‌లో సగం.

నా వాదనకు గట్టి అభ్యంతరం వేరే ఉంది. నిర్ణయాలకు ఫలితాలు చూపించిన గొప్ప ఆటలు పెద్ద స్టూడియోల నుంచీ వచ్చాయి కదా? వచ్చాయి. కాలిఫోర్నియాలోని ఇంటర్‌ప్లే 1997లో తెచ్చిన 'ఫాలౌట్' అలాంటిదే. కానీ దాని ఇంజన్‌ను 1994లో టిమ్ కేన్ ఒక్కరే రాయడం మొదలుపెట్టారు. ముగింపులో ఒక్కో ఊరు ఏమైందో ఎలా చూపిస్తారో గమనించండి: కదలని బొమ్మ ఒకటి, దాని మీద ఒక గొంతు చెప్పే నాలుగు వాక్యాలు. ఊరు బతికినా పోయినా ఖర్చు ఒకటే. 2023లో బెల్జియం కంపెనీ లారియన్ 'బాల్డర్స్ గేట్ 3'లో ప్రతి చీలికకూ గొంతు, కదలిక ఇచ్చి చూపించింది. దానికి వందల మంది, సుమారు ఆరేళ్లు పట్టాయి. అంటే పెద్ద స్టూడియోకు అది అసాధ్యమని నేను అనలేను. అక్కడ అది సాహసం, ఒంటరి డెవలపర్‌కు మామూలు పని అని మాత్రం అనగలను.

బతికి బట్టకట్టిన ఒకరిద్దరిని చూపించి ఇదే దారి అనడం అన్యాయం కాదా అని అడగవచ్చు. ఉద్యోగం వదిలి ఆటలు రాసి నష్టపోయినవాళ్లు చాలామంది ఉంటారు, వాళ్ల పేర్లు చరిత్రకెక్కవు. ఈ వ్యాసం ఎవరికీ ఆదాయం హామీ ఇవ్వదు. మంచి డిజైన్‌కు డబ్బు రాకపోవచ్చు, రాకపోయినంత మాత్రాన డిజైన్ మంచిది కాకుండా పోదు.

ఒంటరి అన్న మాట మీద కూడా అభ్యంతరం రావచ్చు. 'అండర్‌టేల్' అనే ఆట కోసం టోబీ ఫాక్స్ 2013లో, జనం నుంచి నిధులు సేకరించే కిక్‌స్టార్టర్‌లో ఐదు వేల డాలర్లు అడిగితే జనం 51 వేలకు పైగా ఇచ్చారు. గేమ్‌మేకర్ అనే ఇతరుల పనిముట్టు వాడారు, బొమ్మల్లో టెమ్మీ చాంగ్ సాయం తీసుకున్నారు. 2015లో ఆ ఆట వచ్చింది. ఇందులో ఎదురైన ఏ ప్రాణినీ చంపకుండానే ఆట ముగించవచ్చు. మొదట్లో మనల్ని ఆదరించిన టోరియల్‌ను చంపేసి, మనసొప్పక పాత సేవ్‌కు వెళ్లి ఈసారి వదిలేశామనుకోండి. ఫ్లావీ అనే పువ్వు మనం చేసింది తనకు గుర్తుందని మొహం మీదే అంటుంది. సేవ్ చేసిన చోటికి వెళ్తే తప్పు చెరిగిపోతుందన్న ఆటగాళ్ల నమ్మకాన్ని కొన్ని వాక్యాలతో కూల్చేశారు. పనిముట్లు ఇతరులవైనా, డబ్బు జనానిదైనా, ఆ పువ్వు ఆ మాట అనాలో వద్దో ఓటింగ్ పెట్టి తేల్చే బోర్డు లేదు. నేను ఒంటరి అన్నది ఆ అర్థంలోనే.

వోగెల్ 1997లో 'బ్లేడ్స్ ఆఫ్ ఎగ్జైల్' అనే ఆటతో పాటు, ఆడేవాళ్లే కథలు కట్టుకునే ఎడిటర్ కూడా ఇచ్చారు. 2007లో దాని సోర్స్ కోడ్‌ను అందరికీ తెరిచి పెట్టారు. సియాటిల్, రెడ్మండ్ చుట్టుపక్కల తెలుగు ప్రోగ్రామర్లకు కొదవ లేదు, హైదరాబాద్‌లో అసలే లేదు. తెలుగులో రోల్ ప్లేయింగ్ గేమ్ రాయాలన్న కోరిక ఉన్నవాళ్లు గ్రాఫిక్స్‌కు పెట్టుబడి వెతకడానికి ముందు, దయచేసి ఆ కోడ్ ఒకసారి తెరిచి చదవండి.