అజంతా చిత్రాలు - ఆప్తుల చేతి గాయాలు

అజంతా పేరు వినని తెలుగు ఇల్లు అరుదు. పద్మపాణి బోధిసత్త్వుని అరమోడ్పు కన్నులను క్యాలెండరుల మీద, పాఠ్యపుస్తకాలలో మనమందరమూ చూచినవారమే. ఆ చిత్రాల సౌందర్యాన్ని గురించి పెద్దలు ఎంతో చెప్పినారు. మేము ఈ ప్రసంగంలో చెప్పదలచినది మరొక కథ. ఆ చిత్రాలను ప్రేమించి, వాటిని లోకానికి చూపబూనిన వారివల్లనే వాటికి కలిగిన కష్టాల కథ అది. అందులో మన హైదరాబాదుకు కూడా పాత్ర ఉన్నది.

వాఘోరా నది గుర్రపు లాడము వలె వంపు తిరిగిన చోట, కొండ చరియలో తొలిచిన గుహలు సుమారు 30 ఉన్నవి. వాటిలో మొదటివి క్రీస్తుకు పూర్వం 2, 1 శతాబ్దాల నాటివి. పద్మపాణి వంటి ప్రసిద్ధ చిత్రాలు క్రీ.శ. 5వ శతాబ్దంలో, వాకాటక హరిషేణుని కాలంలో వెలసినవి. ఆనాటి చిత్రకారులు ఊక, నార కలిపిన మట్టిని రాతిగోడకు మెత్తి, పైన పలుచగా సున్నము పూసి, అది ఆరిన పిమ్మట జిగురు కలిపిన రంగులతో బొమ్మలు వేసినారు. ఇటలీ కుడ్యచిత్రాలలో రంగు తడి సున్నములోనికి ఇంకి గోడతో ఏకమైపోతుంది. ఇక్కడి రంగు గోడపై నిలిచిన పలుచని పొర మాత్రమే. ఈ సంగతి గుర్తుంచుకొంటే తక్కిన కథ సులభంగా బోధపడుతుంది.

చుట్టుప్రక్కల పల్లెలవారికి ఆ గుహలు తెలియనివి కావు. బయటి లోకానికి తెలిసినది మాత్రం 1819లో. ఆ ఏడు ఏప్రిల్ 28వ తేదీన మద్రాసు సైన్యానికి చెందిన జాన్ స్మిత్ అనే అధికారి వేటకు వచ్చి 10వ గుహలో ప్రవేశించినాడు. ప్రవేశించి ఊరకుండక, తన పేరును, తేదీని అక్కడి ప్రాచీన చిత్రం మీదనే గీకినాడు. ఆ గీతలు నేటికీ చెరిగిపోలేదు.

తరువాత వచ్చినవారు ఇట్టివారు కారు. మద్రాసు సైన్యంలోనే పనిచేసిన రాబర్ట్ గిల్ 1844లో ప్రతులు తీసే పనికి నియుక్తుడై, జీవితంలో చాలా భాగం ఆ గుహలకే ధారపోసినాడు. ఆయన వ్రాసిన పెద్ద పెద్ద ప్రతులను లండను నగరం చెంత స్ఫటిక సౌధంలో ప్రదర్శించగా, 1866లో జరిగిన అగ్నిప్రమాదంలో కొద్దిపాటి తప్ప తక్కినవన్నీ కాలిపోయినవి. పిమ్మట బొంబాయి చిత్రకళాశాలకు చెందిన జాన్ గ్రిఫిత్స్, తన భారతీయ శిష్యులతో కలసి 1872 నుండి 1885 వరకు ఆ పని మరల చేసినాడు. 1885లో లండనులోని సౌత్ కెన్సింగ్‌టన్ మ్యూజియంలో నిప్పు అంటుకొని, వాటిలోనూ నూరుకు పైగా నష్టమైనవి. గబ్బిలాల నడుమ, చెమ్మలో పడియున్న అసలు చిత్రాలు నిలిచినవి. సముద్రాలు దాటి భద్రంగా దాచిన ప్రతులు బూడిదైనవి!

అయితే ప్రతులు తీయడంలోనే మరొక ఆపద దాగి ఉన్నది. దుమ్ము పట్టి మసకబారిన రంగులు స్పష్టంగా కనబడుటకై గ్రిఫిత్స్ బృందం గోడలపై వార్నీషు పూసినది. ఆ క్షణాన రంగులు తళతళలాడినవి. ఏండ్లు గడచినకొలదీ ఆ పూత పసుపుబారి, నల్లబడి, తనతోపాటు రంగు పొరను కూడా పెకలించసాగినది.

1909 నుండి 1911 వరకు క్రిస్టియానా హెరింగ్‌హామ్ అనే ఆంగ్ల వనిత మరల ప్రతులు తీయించినది. ఆమెకు తోడ్పడినవారిలో వంగదేశం నుండి నందలాల్ బోస్, అసిత్ కుమార్ హాల్దార్. హైదరాబాదు నుండి సయ్యద్ అహ్మద్, ఫజలుద్దీన్ ఉన్నారు. ఆ గుహలు అప్పుడు నిజాము రాజ్యంలోనివి. 1914లో నిజాము ప్రభుత్వం పురావస్తు శాఖను నెలకొల్పి గులాం యజ్దానీని దానికి అధిపతిగా నియమించినది. 1920 - 22 మధ్య ఇటలీ నుండి లొరెంజో చెకోనీ అనే నిపుణుని రప్పించి, ఊడిపోతున్న పెచ్చులను గోడకు అతికించినారు. ఆ పని జరుగకపోతే ఎన్నో చిత్రాలు నేల రాలి ఉండేవి. కాని రంగు నిలుచుటకై వాడిన లక్కపూత కూడా కాలక్రమాన నల్లబడి, చిత్రాలకు మరొక తెరయై కూర్చున్నది.

1956లో హైదరాబాదు రాష్ట్రం విడిపోగా అజంతా బొంబాయి రాష్ట్రంలో చేరినది; 1960 నుండి మహారాష్ట్రలోనిది. 1999 నుండి భారత పురావస్తు శాఖవారు ఆ పాత పూతలను ఓర్పుతో కొద్దికొద్దిగా తొలగించగా, 9, 10 గుహలలో సుమారు రెండువేల ఏండ్లనాటి బొమ్మలు మరల వెలుగు చూచినవి.

మరి ప్రతులు తీసినవారిని నిందించవలెనా? గ్రిఫిత్స్ ప్రతులలో మిగిలినవి నేడు లండనులోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉన్నవి. గోడమీద చెదరిపోయిన కొన్ని రూపాలను తెలిసికొనుటకు పండితులు వాటినే ఆశ్రయిస్తున్నారు. వార్నీషు పూసిన చేయి, సాక్ష్యం నిలిపిన చేయి ఒక్కటే. ప్రేమ ఒక్కటే చాలదనియు, ఏది ఎంతవరకు తాకవచ్చునో తెలిసిన ఓర్పు కూడా ఉండవలెననియు ఈ రెండు వందల ఏండ్ల చరిత్ర చెబుతున్నది.

హైదరాబాదు పబ్లిక్ గార్డెన్స్‌లోని పురావస్తు ప్రదర్శనశాలలో అజంతా ప్రతులకు ప్రత్యేకంగా ఒక విభాగం ఉన్నది. అజంతాకు పోదలచిన శ్రోతలు ముందుగా వాటిని తీరికగా చూచి పోవలెనని మా మనవి. అక్కడ కన్నులు అలవాటు పడితే, గుహలలోని మసక వెలుతురులో దీపం కొరకు, చేతితో తడుముట కొరకు ఆత్రం కలుగదు.