ఎంత తెప్పించాలి? సరుకు నిల్వ లెక్కల పుట్టుపూర్వోత్తరాలు

బ్యాంకులో వేలమంది డబ్బు దాచుకుంటారు. అందరూ ఒకే రోజు వచ్చి తీసుకోరు. కానీ ఎవరు ఎప్పుడొస్తారో, ఎంత అడుగుతారో మేనేజరుకు ముందుగా తెలియదు. ఖజానాలో తక్కువ ఉంచితే పరువు పోతుంది, ఎక్కువ ఉంచితే వడ్డీ పోతుంది. మరి ఎంత ఉంచాలి? 1888లో ఫ్రాన్సిస్ ఎడ్జ్‌వర్త్ అనే ఐరిష్ ఆర్థికవేత్త లండన్‌లోని రాయల్ స్టాటిస్టికల్ సొసైటీ పత్రికలో ఈ ప్రశ్నకు సంభావ్యతా సిద్ధాంతంతో జవాబు వెతికాడు. ఖాతాదారులు ఎవరి అవసరం కొద్దీ వాళ్లు వస్తున్నంత కాలం ఒకరు ఎక్కువ తీసుకున్న రోజున మరొకరు తక్కువ తీసుకుంటారు. అందుకే ఖాతాదారులు నాలుగింతలైనా, సగటుకు పైన ఉంచాల్సిన అదనపు నిల్వ రెండింతలైతే సరిపోతుంది. రేపేం జరుగుతుందో తెలియకపోయినా, ఆ తెలియనితనం ఎంతో కొలవవచ్చని ఆయన చూపించాడు. ఈ రోజు గోదాముల్లో, సూపర్‌మార్కెట్లలో, మందుల డిపోల్లో కంప్యూటర్లు వేసే నిల్వ లెక్కల్లో ఉన్నది ఈ ఆలోచనే.

అయితే ఫ్యాక్టరీల దాకా వచ్చిన మొదటి సూత్రంలో అనిశ్చితి ఊసే లేదు. 1913 ఫిబ్రవరిలో అమెరికాలోని ‘ఫ్యాక్టరీ’ అనే పత్రికలో ఫోర్డ్ విట్‌మన్ హారిస్ అనే ఇంజినీరు ఒక చిన్న వ్యాసం రాశాడు. ఒక విడిభాగాన్ని ఒక్క విడతలో ఎన్ని తయారు చేయాలన్నది ఆయన ప్రశ్న. ఎక్కువ విడతలైతే ప్రతిసారీ యంత్రాన్ని సిద్ధం చేసే ఖర్చు పెరుగుతుంది. ఒకేసారి ఎక్కువ చేసి పెడితే నిల్వ ఖర్చు, ఇరుక్కున్న పెట్టుబడి మీద వడ్డీ పెరుగుతాయి. రెండూ కలిపి ఎక్కడ అతి తక్కువో అక్కడే సరైన పరిమాణం. దాన్ని హారిస్ ఒక వర్గమూల సూత్రంగా చెప్పాడు. గిరాకీ నాలుగింతలైతే ఆర్డరు రెండింతలు చేస్తే చాలు. 1934లో ఆర్.హెచ్. విల్సన్ హార్వర్డ్ బిజినెస్ రివ్యూలో రాసిన వ్యాసంతో ఈ సూత్రం వ్యాపించి ‘విల్సన్ సూత్రం’గా పేరు పడింది. హారిస్ తర్వాత పేటెంట్ లాయరు అయ్యాడు. ఆయన అసలు వ్యాసం దశాబ్దాల పాటు కనుమరుగైంది. 1988లో డోనాల్డ్ ఎర్లెన్‌కాటర్ దాన్ని వెతికి పట్టుకున్నాక గానీ ఆ గౌరవం అసలు మనిషికి దక్కలేదు.

హారిస్ సూత్రానికి గిరాకీ ఎంతో ముందే తెలియాలి. తెలియని గిరాకీతో ఏం చేయాలన్నది రెండో ప్రపంచయుద్ధం తర్వాత గట్టిగా ముందుకొచ్చింది. యుద్ధకాలంలో అమెరికా నౌకాదళానికి పనిచేసిన ఫిలిప్ మోర్స్, జార్జ్ కింబాల్ 1951లో ఆపరేషన్స్ రిసెర్చ్ మీద, అంటే నిర్ణయాలను గణితంతో తేల్చే శాస్త్రం మీద, ప్రచురించిన పుస్తకంలో పత్రికలమ్మే కుర్రాడి సమస్య కనిపిస్తుంది. పొద్దున్నే కాపీలు కొనాలి. సాయంత్రానికి మిగిలినవి చిత్తుకాగితాలే. చాలకపోతే వచ్చిన గిరాకీ చేజారిపోతుంది.

ఈ లెక్కను కాస్త వివరంగా చూద్దాం. కాపీ 3 రూపాయలకు కొని 4 రూపాయలకు అమ్ముతున్నాడనుకుందాం, వాపసు లేదు. గత పది రోజుల్లో ఎంతమంది పేపరు అడిగారో చిన్న అంకె నుంచి పెద్ద అంకె వరకు రాస్తే: 22, 25, 28, 30, 31, 33, 36, 38, 41, 46. సగటు 33. కాబట్టి 33 కాపీలు తెప్పించాలని ఎవరికైనా తోస్తుంది. కానీ ఒక కాపీ తక్కువైతే పోయేది రూపాయి లాభం, ఒక కాపీ మిగిలితే పోయేది 3 రూపాయల అసలు. తక్కువైనప్పటి నష్టాన్ని రెండు నష్టాల మొత్తంతో భాగిస్తే, అంటే 1ని 4తో భాగిస్తే, 0.25 వస్తుంది. గిరాకీ మొత్తం తీరే రోజులు కనీసం ఆ వంతు ఉండేలా కాపీలు కొనాలి. పది రోజుల్లో నాలుగో వంతు అంటే రెండున్నర, కాబట్టి వరసలో మూడో అంకె 28. అదే సరైన ఆర్డరు. సరిచూసుకుంటే, రోజూ 33 కొని ఉంటే పది రోజుల లాభం 214 రూపాయలు, 28 కొని ఉంటే 244. సగటును నమ్ముకుంటే 30 రూపాయలు పోయినట్టే.

ఇప్పుడు అంకెలు మారుద్దాం. మిగిలితే నష్టం రూపాయి, చాలకపోతే నష్టం 4 రూపాయలు అయితే ఆ నిష్పత్తి 0.8. ఆర్డరు ఎనిమిదో అంకెకు, 38కి పెరుగుతుంది. గిరాకీ మారలేదు, జనం మారలేదు. మారినవి కొరతకు, మిగులుకు మనం కట్టిన విలువలు మాత్రమే.

రోజు ముగియగానే ఖాతా మూసేసే పేపరుకు ఇది సరిపోతుంది. ఈ రోజు మిగిలింది రేపు అమ్ముకునే బియ్యం, బోల్టులు, టైర్ల సంగతి వేరు. 1951లో కెనెత్ ఆరో, థియోడర్ హారిస్, జాకబ్ మార్షాక్ ‘ఎకనమెట్రికా’లో రాసిన వ్యాసం ఆ దారి తెరిచింది. ఈ థియోడర్ వేరు, 1913 నాటి హారిస్ వేరు. నిల్వకు రెండు గీతలు గీసుకోవాలి. సరుకు కింది గీతకు దిగితే పై గీత దాకా తెప్పించాలి, లేకపోతే ఊరుకోవాలి. అనుభవమున్న దుకాణదారులు చేసే పనే ఇది. ఆర్డరు పెట్టిన ప్రతిసారీ కొంత స్థిరమైన ఖర్చు పడే సందర్భాల్లో, కొన్ని సహజమైన షరతులకు లోబడి, ఇంతకు మించిన పద్ధతి లేదని 1960లో హెర్బర్ట్ స్కార్ఫ్ నిరూపించాడు. అదే ఏడాది ఆండ్రూ క్లార్క్‌తో కలిసి, ఫ్యాక్టరీ నుంచి డిపోకు, డిపో నుంచి దుకాణానికి సాగే గొలుసుకు కూడా లెక్క కట్టాడు. అంతకు రెండేళ్ల ముందే ఆయన మరో కష్టమైన ప్రశ్న వేశాడు. గిరాకీ సగటు, దాని హెచ్చుతగ్గుల మోతాదు తప్ప ఇంకేమీ తెలియకపోతే? అన్నిటికన్నా చెడ్డ పరిస్థితి వచ్చినా నష్టం వీలైనంత తక్కువగా ఉండే ఆర్డరును లెక్కగట్టాడు. గతం సరిగా తెలియని కొత్త సరుకు విషయంలో ఈ ఆలోచన నేటికీ పనికొస్తోంది.

ఈ చరిత్రలో మనకూ చోటుంది. ఈ నిల్వ లెక్కలు ఒక భాగమైన ఆపరేషన్స్ రిసెర్చ్ మన దేశంలో 1949లో హైదరాబాద్‌లోని ప్రాంతీయ పరిశోధనశాలలో, అంటే నేటి ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ కెమికల్ టెక్నాలజీ (ఐఐసీటీ)లో, ఒక విభాగంగా మొదలైందని ఆ సబ్జెక్టు పాఠ్యపుస్తకాలు చెబుతాయి.

మళ్లీ ఫ్యాక్టరీ నుంచి దుకాణం దాకా సాగే గొలుసు దగ్గరికి వద్దాం. దుకాణాలు ఎవరి లెక్క వారు సరిగ్గా వేసుకున్నా మొత్తం గొలుసు తప్పటడుగులు వేస్తుందని ఎమ్‌ఐటీ ఆచార్యుడు జే ఫారెస్టర్ చూపించాడు. జనరల్ ఎలక్ట్రిక్ గృహోపకరణాల ఫ్యాక్టరీలో ఒకసారి పని ఒత్తిడి, మరోసారి ఉద్వాసనలు ఎందుకు వస్తున్నాయో తేల్చడానికి ఆయన పెన్సిలూ కాగితమూ పట్టుకుని కూర్చున్నాడు. బయటి గిరాకీలో మార్పు లేకపోయినా, ఆర్డర్లు ఆలస్యంగా అందడం వల్ల, నిల్వను చూసి తీసుకునే నిర్ణయాల వల్లనే ఊగిసలాట పుడుతుందని ఆ కాగితం మీద తేలింది. 1958లో ఆయన దాన్ని ప్రచురించాడు. ప్రాక్టర్ అండ్ గ్యాంబుల్ వారి పాంపర్స్ దీనికి పేరుపడ్డ ఉదాహరణ. పసిపిల్లల వాడకం నిలకడగానే ఉన్నా, డిస్ట్రిబ్యూటర్ల ఆర్డర్లు మాత్రం ఎగిరెగిరి పడేవి. దీన్నే కొరడా ప్రభావం అన్నారు. పిడి దగ్గర కాస్త కదిలిస్తే కొసన పెద్ద ఊపు వస్తుంది. 1997లో హావ్ లీ, పద్మనాభన్, వాంగ్ దీని కారణాలను విడదీసి చెప్పారు. కింది వాళ్ల ఆర్డర్లనే అసలు గిరాకీ అనుకుని అంచనాలు కట్టడం, ఆర్డర్లను మూటగట్టి ఒకేసారి పెట్టడం, డిస్కౌంట్ల హెచ్చుతగ్గులు, కొరత వస్తుందన్న భయంతో కావాల్సినదానికన్నా ఎక్కువ అడగడం. కౌంటర్ దగ్గరి అమ్మకాల లెక్క గొలుసులో అందరికీ కనిపిస్తే ఈ ఊపు చాలావరకు తగ్గుతుంది.

ఇన్నేళ్ల ప్రయాణంలో సూత్రాలు పదునెక్కాయి, కంప్యూటర్లు వచ్చాయి. కానీ ఒక అంకె మాత్రం ఏ యంత్రమూ ఇవ్వలేదు. అది కొరత ఖరీదు. పేపరుకైతే అది రూపాయి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో పాముకాటు మందు విషయంలో అది ఒక కూలీ ప్రాణం. ఆ అంకెను తక్కువగా వేస్తే నిల్వ ఖర్చు బాగా తగ్గినట్టే కనిపిస్తుంది, లెక్కలో తప్పు కూడా కనబడదు. అందుకే మందులకు, రేషను బియ్యానికి, రక్తనిధికి నిల్వ నిర్ణయించే చోట మనం ముందుగా అడగాల్సింది ఏ సాఫ్ట్‌వేర్ వాడారని కాదు, లేకపోతే జరిగే నష్టానికి ఎంత విలువ కట్టారని. ఆ విలువ కట్టడం మనుషులే చేయాలి, అందరికీ తెలిసేలా చేయాలి.