‘పార్థీ ముఠా’ వదంతి: చిత్తూరు సీమ నేపథ్యంలో ఒక చారిత్రక పరిశీలన

2018 మే నెలలో రాయలసీమ జిల్లాల్లోని వాట్సాప్ బృందాలలో ఒక సందేశం విస్తృతంగా వ్యాపించింది. ఉత్తరాది నుండి ‘పార్థీ ముఠా’ దిగిందని, పిల్లలను ఎత్తుకుపోతున్నదని దాని సారాంశం. ఒక భయానక చిత్రం, దాని కింద రెండు మూడు వాక్యాలు, అందరికీ పంపమన్న విన్నపం: ఇదీ దాని స్వరూపం. మీమ్ అంటే హాస్యచిత్రమే అన్న వాడుక నేడు స్థిరపడింది గాని, 1976లో రిచర్డ్ డాకిన్స్ ఆ పదాన్ని కల్పించినది అనుకరణ ద్వారా వ్యాపించే ఏ సాంస్కృతికాంశానికైనా వర్తించేటట్లు. భయానికీ అది వర్తిస్తుంది.

ఈ సందేశంలో చిత్రం కంటే పేరు ముఖ్యం. మరాఠీలో ‘పారధ్’ అంటే వేట, ‘పారధీ’ వేటగాడు. తెలుగు సందేశాలలో అది అర్జునుని నామాన్ని తలపించే ‘పార్థీ’గా మారింది. వర్ణక్రమం మారినా ముద్ర మారలేదు. 1871 నాటి నేరస్థ జాతుల చట్టం పుట్టుకతోనే నేరస్థులని ముద్ర వేసిన సంచార సమూహాలలో పారధీలు ఒకరు.

ఆ చట్టం మద్రాసు ప్రెసిడెన్సీకి వర్తించినది 1911లో. చిత్తూరు జిల్లా ఏర్పడినదీ ఆ ఏడాదే. ఇక్కడ దాని బరువు ప్రధానంగా ఎరుకలపై పడింది. కోస్తా ఉప్పును పశువులపై లోతట్టు సీమలకు చేరవేసి, ధాన్యంతో తిరిగి వెళ్లిన వర్తకులు వారు. రైలు మార్గాలు, ప్రభుత్వ ఉప్పు విధానం ఆ వర్తకాన్ని ఎలా దెబ్బతీశాయో మీనా రాధాకృష్ణ 2001లో వెలువరించిన గ్రంథంలో వివరించారు. బ్రతుకుతెరువు పోయినవారి తిరుగాటే వారి నేరానికి సాక్ష్యమైంది. అంతకుముందే, 1892లో, పోలీసు అధికారి మల్లాలీ ప్రెసిడెన్సీలోని ‘నేరస్థ వర్గాల’పై ఒక పుస్తకం ప్రచురించాడు. ఒక సమూహం పేరు చెప్పి, వేషభాషలు వర్ణించి, నేరం చేసే తీరు తెలిపి పాఠకుని అప్రమత్తం చేయడం అటువంటి రచనల పద్ధతి. వాట్సాప్ సందేశం ఆ పద్ధతినే రెండు వాక్యాలకు కుదించింది. చట్టం 1952లో దేశమంతటా రద్దయింది. వర్ణనను రద్దు చేసినవారు లేరు.

చిత్రాల మూలం మరింత విచిత్రం. ఆ వేసవిలో దేశంలో తిరిగిన ఒక దృశ్యం కరాచీలో పిల్లల భద్రతపై తీసిన అవగాహన వీడియో. బిడ్డను తిరిగి అప్పగించే ముగింపును కత్తిరించి, మిగిలినదాన్ని సాక్ష్యంగా పంపారు. మరొకటి 2013 ఆగస్టులో సిరియాలోని ఘూతాలో విషవాయువుకు బలైన పిల్లల ఫోటో. లక్షలాది మందిని శరణార్థులుగా మార్చిన యుద్ధంలో చనిపోయిన పిల్లలు, ఇక్కడ పొట్టకూటికి వలస వచ్చినవారిపై అభియోగానికి ఆధారమయ్యారు.

చిత్తూరును ఆనుకొని ఉన్న వేలూరు జిల్లాలో ఏప్రిల్ చివర హిందీ మాట్లాడే ఒక వ్యక్తిని గుంపు కొట్టి చంపింది. మే 9న తిరువణ్ణామలై జిల్లాలో, కులదేవత గుడికని చెన్నై నుండి వచ్చిన 65 ఏళ్ల వృద్ధురాలు పిల్లలకు చాక్లెట్లు ఇచ్చినందుకు హతురాలైంది. ఆమె మాట్లాడినది తమిళమే. కనుక పరాయితనానికి భాష ఒక్కటే కొలత కాదు. నిత్యం వేలాది అపరిచితులు వచ్చిపోయే తిరుపతిలో కొత్త ముఖం వింత కాదు. అనుమానానికి లోనయ్యేది గది దొరికిన యాత్రికుడు కాదు. బాట పక్కన పడుకునేవాడు, యాచకుడు, మతిస్థిమితం లేనివాడు. ‘బూచాడు ఎత్తుకుపోతాడు’ అని పిల్లలను బెదిరించే తెలుగు ఇళ్లలో ఆ బూచాడి భుజాన ఎప్పుడూ ఒక జోలె ఉంటుంది.

జూలై 1న మహారాష్ట్రలోని ధూళే జిల్లా రైన్‌పాడాలో ఇదే వదంతికి ఐదుగురు బలయ్యారు. వారు భిక్షాటనతో జీవించే నాథపంథీ డవరీ గోసావీలు. పారధీల వలెనే సంచార జాతి. ఆ నెలలోనే వాట్సాప్ భారతదేశంలో ఒక సందేశాన్ని ఒకేసారి పంపగల సంభాషణలను ఐదుకు పరిమితం చేసి, ‘ఫార్వర్డెడ్’ అన్న గుర్తును చేర్చింది. సందేశం మరొకరి నుండి వచ్చిందని ఆ గుర్తు తెలుపుతుంది. ఏ కాలం నుండి వచ్చిందో తెలుపదు.