వాద్యానికి రంగు మార్చవచ్చునా?

వీణకు మేళం కట్టించడం అన్నమాట వీణ ఉన్న ప్రతి ఇంటా వినబడేదే. దండి పొడుగునా రెండు ప్రక్కలా మైనపు గట్లు పోసి, వాటిమీద 24 మెట్లనూ స్వరస్థానాలు చూచుకొంటూ నిలబెట్టడమే మేళం కట్టడం. తేనెమైనంలో బొగ్గుపొడి వంటివి కలిపి నల్లగా చేసిన ఆ గట్లు మన ఎండలకు మెత్తబడతాయి. మెట్లు క్రమంగా ఒరుగుతాయి, అరుగుతాయి. అందుచేత కొన్నేళ్ళకొకసారి మైనమంతా తీసివేసి మళ్ళీ పోయవలసిందే. ఆ పని జరిగినంతమాత్రాన అది పాత వీణ కాకుండా పోయిందని ఎవరూ అనరు. అదే వీణ కుండమీది పలకను గరుకు కాగితంతో గీకించి మరొక రంగు వేయిస్తామంటే మాత్రం ఇంట్లో పెద్దవారు ఉలిక్కిపడతారు. రెండూ పాతది తీసి క్రొత్తది పెట్టడమే కదా! ఒకటి ఆచారం ఎందుకయింది, రెండవది అపచారం ఎందుకయింది? కొన్ని వారాలుగా ఈ ప్రశ్న నన్ను వదలడం లేదు. దానికి కారణం వీణ కాదు, వేరొక వాద్యం. ఆ సంగతి కొంచెం ఆగి చెబుతాను.

వీణ మా గోదావరి సీమకు కొత్త కాదు. పిఠాపురం సంస్థానంలో తుమరాడ సంగమేశ్వర శాస్త్రిగారు ఉండేవారు. ఆయన వీణ విని రవీంద్రనాథ ఠాకూరు శాంతినికేతనానికి ఆహ్వానించాడు. ఈమని శంకరశాస్త్రిగారు 1922లో ద్రాక్షారామంలో జన్మించారు. ఆయన శిష్యుడు చిట్టిబాబు 1936లో కాకినాడలో పుట్టాడు. ఇందరు వైణికులున్నా, వీణల తయారీకి పేరుపడినవి మాకు ఇరుప్రక్కలా ఉన్న ఊళ్ళు: ఉత్తరాన బొబ్బిలి, దక్షిణాన నూజివీడు. బొబ్బిలి పనివారి ప్రత్యేకత ఏకాండి వీణ, అనగా కుండ, దండి వేరువేరుగా చేసి అతికించక ఒకే పనస దుంగలో తొలిచినది.

పనస కొయ్య సంగతి కొంచెం చెప్పాలి. కోసిన క్రొత్తలో అది పసుపుపచ్చగా ఉంటుంది. బర్మా, సింహళ దేశాలలో బౌద్ధ భిక్షువుల వస్త్రాలకు అద్దకపు రంగు ఈ చెక్క పొట్టునుండే తీసేవారు. గాలి, వెలుతురు తగిలేకొద్దీ ఆ పసుపు తేనెరంగుకూ, తేనెరంగు గోధుమరంగుకూ, చివరికి ముదురు కావిరంగుకూ మారుతుంది. అంటే పాత వీణ రంగులో పూతవంతు కొంతే, తక్కినది కాలం వంతు. గరుకు కాగితం పెట్టి గీస్తే పైపూత ఒక్కటే పోదు, ఆ ఏళ్ళు కూడా పొట్టుతోపాటు రాలిపోయి క్రింద మళ్ళీ పసుపు కనబడుతుంది. పాత వీణల అంచులకు ఏనుగు దంతపు నగిషీ ఉండేది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 1986లోనూ, 1991లోనూ వచ్చిన సవరణలతో దంతపు వ్యాపారం పూర్తిగా నిషిద్ధమయింది. ఇప్పుడు కనబడేది తెల్లని ప్లాస్టిక్కు. రంగు మార్చే తొందరలో పాత నగిషీ ఊడదీస్తే మళ్ళీ దొరికే దారి లేదు.

నా బోటి తెలుగు పండితునికి ఇక్కడ తాళపత్రాలు గుర్తుకు రావడం సహజం. గంటంతో ఆకుమీద వ్రాసినప్పుడు అక్షరం గాటుగా మాత్రమే పడుతుంది. దానికి రంగు ఉండదు. తరువాత మసి, ఆకు పసరు వంటివి పూసి తుడిచివేస్తే నలుపు గాట్లలో నిలిచి అక్షరం పైకి కనబడుతుంది. ఏళ్ళు గడిచి ఆ మసి వెలిసిపోతే మళ్ళీ పూస్తారు. రాజమహేంద్రవరంలోని గౌతమీ గ్రంథాలయం వంటి చోట్ల తాళపత్రాలు చూచిన వారికి ఈ సంగతి తెలిసే ఉంటుంది. మసి ఎన్నిసార్లు పూసినా గ్రంథం మారదు, గాటు చెరిగితే గ్రంథమే పోతుంది. వీణ మైనం మసి వంటిది, మళ్ళీ పూయడానికే ఉన్నది. పలక గాటు వంటిది. పెద్దవారి ఉలికిపాటుకు ఇంతకన్న మంచి కారణం నాకు దొరకలేదు.

అయితే పూర్వులు రంగు ముట్టుకొనేవారే కారా అంటే, ముట్టుకొనేవారు. వారి పూత స్వభావం వేరు. మన దేశంలో కొయ్యకు మెరుపు తెచ్చినది ప్రధానంగా లక్క. చెట్ల కొమ్మలమీద ఒక చిన్న పురుగు కూర్చేది ఇది. నన్నయగారు ఆదిపర్వంలో పాండవులను దాటించిన లక్క ఇల్లు దీనిదే. లక్కను స్పిరిట్టులో కరిగించి గుడ్డ ఉండతో పలుచగా రుద్దడమే వడ్రంగులు ఫ్రెంచి పాలిష్ అనే పని. దీనిలో ఒక గుణముంది. ఎండిన పూతమీద మళ్ళీ స్పిరిట్టు తగిలితే పాత పొర కొద్దిగా కరిగి క్రొత్త పొరతో కలిసిపోతుంది. కాబట్టి వెలిసిన చోట సవరించడానికి పాతదాన్ని గీకి పారవేయనక్కరలేదు. నేడు ఎక్కువగా వాడే పాలియురెథేన్, పాలియెస్టర్ పూతలు అలా కావు. ఒకసారి గట్టిపడితే స్పిరిట్టుకు కరగవు, క్రొత్తపొర పాతపొరతో కలవదు. శుభ్రంగా కావాలంటే కొయ్యదాకా గీకమంటారు. “ఉంచడమా, గీకడమా” అని ఈ రోజున మనం పడే గుంజాటనలో సగం ఈ క్రొత్త పూతలు తెచ్చిపెట్టినదే.

ఇటలీలోని క్రెమోనాలో వయొలిన్లు చేసి 1737లో మరణించిన స్ట్రాడివరి పూతలో ఏదో రహస్యముందని లోకం చాలాకాలం నమ్మింది. పారిస్ సంగీత మ్యూజియంలోని 5 వాద్యాలను పరీక్షించిన శాస్త్రజ్ఞులు 2009లో ఫలితాలు ప్రకటించారు. కొయ్యపైన ఆనాటి చిత్రకారులు వాడే నూనె, దానిపైన నూనె, బంక కలిసిన మరొక పొర, కొన్నిటిలో ఎరుపుకోసం ఇనుపచిట్టెం, ఇంగిలీకం, ఒక పురుగునుండి తీసిన రంగు. రహస్యమేమీ లేదు! అయినా ఆ వాద్యాల పూతను ఈనాడు ఎవరూ గీకరు. అరిగినచోట అరిగినట్లే ఉంచి, అవసరమైనంత మేరకే సవరిస్తారు.

ఇక అసలు సంగతి. నా పూర్వ విద్యార్థి ఒకడు కోనసీమలో ఉంటాడు. పెళ్ళిళ్ళకూ, వినాయక చవితి పందిళ్ళకూ వెళ్ళే ఆర్కెస్ట్రాలో బేస్ గిటారు వాయిస్తాడు. అది వాళ్ళ నాన్నగారు వాయించినది, 1980ల నాటి కలకత్తా సరకు. ఎర్రరంగు. కుడి ముంజేయి ఆనే చోట రంగు పూర్తిగా పోయి అరచేతి వెడల్పున కొయ్య కనబడుతోంది. తండ్రి పోయి రెండేళ్ళయింది. ఇప్పుడు జట్టులో అందరూ తెల్ల వాద్యాలే పట్టుకోవాలని నిర్ణయించారట. “మాస్టారండీ, తెల్లరంగు వేయించేద్దామనుకుంటున్నానండి. అమ్మేమో ఒద్దంటోందండి. మీరేమంటారండీ?” అన్నాడు. వ్యాకరణం చెప్పిన మాస్టారును గిటారు గురించి అడగడంలో వాడికేమీ వింత తోచలేదు, నాకూ తోచలేదు.

మొదట శబ్దం సంగతి తేల్చుకోవాలి. వీణ, వయొలిన్ల లోపల బోలు. పలక కంపిస్తేనే నాదం. దానిమీద మందమైన పూత పడితే కంపం అణగుతుంది. బేస్ గిటారు అలా కాదు. లియో ఫెండర్ 1951లో అమెరికాలో అమ్మకానికి తెచ్చిన ప్రెసిషన్ బేస్ ఒక గట్టి చెక్క. తీగ కదలికను క్రింది అయస్కాంతపు చుట్ట పట్టి విద్యుత్తుగా మారుస్తుంది. చెక్కమీది రంగు మారితే చెవికి తెలిసే భేదం దాదాపు ఉండదు. కనుక శబ్దం పేరు చెప్పి వాడిని ఆపడం న్యాయం కాదు.

పైగా ఈ వాద్యానికి రంగు మొదటినుండి బజారు సరకే. ఫెండర్ కంపెనీ 1950లలోనూ, 1960లలోనూ వాడినవి కార్లకు వేసే డ్యూపాంట్ రంగులు. కోరిన రంగు కావాలంటే ధరమీద నూటికి 5 వంతులు అదనం. ఒక్కొక్కప్పుడు అప్పటికే ఒక రంగు వేసి ఉన్న చెక్కమీదనే గిరాకీదారు కోరిన రంగు కొట్టి పంపేవారు. ఈనాడు ఆ పాత గిటార్లలో మొదటి రంగు చెక్కుచెదరనివాటికి గొప్ప ధర పలుకుతుంది, తిరిగి రంగు వేసినవాటికి ధర బాగా తగ్గుతుంది. మా వాడి గిటారుకు అటువంటి ధర రాదు కాబట్టి ఆ చింతా లేదు.

బీటిల్స్ బృందంలోని పాల్ మెకార్ట్నీ కథ ఇక్కడ పనికివస్తుంది. 1965లో ఆయనకు చేరిన రికెన్‌బ్యాకర్ బేస్ ఎర్రనిది. 1967లో దానిమీద రంగురంగుల బొమ్మలు వేయించాడు. ఒకటి రెండేళ్ళకే అదంతా గీకించి వట్టి కొయ్య చేశాడు. మూడు రూపాలలోనూ అది ఆయన వాద్యమే! వాయించేవాడు బ్రతికి ఉండి, తన వాద్యాన్ని తానే మార్చుకొంటే ఎవరికీ అభ్యంతరం ఉండదు. ఆయనదే మరొకటి, 1961లో హాంబర్గులో కొన్న హాఫ్నర్ బేస్, 1964లో మరమ్మతుకు వెళ్ళి క్రొత్త పూత వేయించుకొని వచ్చింది. 1972లో లండనులో దొంగలపాలయి, 2024లో ఆయనకు తిరిగి చేరినట్లు ప్రకటించారు. దానిని వెతికినవారు ఆ వాద్యం గుర్తులలో ఒకటిగా చెప్పినది ఈ 1964 నాటి రంగునే. ఒకనాటి మార్పే తరువాతివారికి సాక్ష్యమయింది.

మా గోదావరి సీమకే వద్దాం. 1969లో పాలకొల్లులో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్ పాశ్చాత్య వాద్యాన్ని ఉన్నదున్నట్లు తీసుకోలేదు. జంట తీగల స్థానంలో ఒంటి తీగలు పెట్టాడు, ఐదవ తీగ చేర్చాడు, విద్యుత్ మాండలిన్ పట్టాడు. గమకం పలకాలంటే తప్పదు. ఆ మార్పును సంగీతం అడిగింది. మా వాడి తెల్లరంగును అడిగినది జట్టు పెద్ద. రెండింటికీ చాలా దూరముంది. అయితే జట్టు పెద్ద మాటను నేను తేలికగా తీసివేయను, పెళ్ళిళ్ళ కాలంలో వచ్చే నాలుగు డబ్బులతోనే ఆ ఇల్లు గడుస్తుంది.

అందుచేత వాడికి చెప్పినదిది. ముందు మెట్లు చూపించు నాయనా. వాటిని ఫ్రెట్లంటావు, నాకు మెట్లే. అరిగి తీగ గరగరలాడుతోంది కదా, మార్పించు. బిరడలు, లోపలి తీగల అతుకులు బాగుచేయించు. అవి వీణకు మైనం వంటివి, వాటికి అమ్మ అనుమతి అక్కరలేదు. రంగు విషయంలో మాత్రం అమ్మ ఒద్దనడానికి కారణం అడిగి తెలుసుకో. ఆ అరిగిన చోటు మీ నాన్న ముంజేయి ముప్ఫై ఏళ్ళు ఆనిన చోటు. నాకు తోచిన కారణం అది, ఆమె చెప్పేది వేరొకటి కావచ్చును. జట్టువారు పట్టుబడితే, ఆర్కెస్ట్రాలోని తక్కినవారివద్ద తెల్ల గిటారు ఒకటి ఈ పెళ్ళిళ్ళ కాలానికి అద్దెకు దొరకుతుందేమో చూడు.

ఏదీ కుదరక రంగే వేయించవలసి వస్తే కొయ్యదాకా గీకవద్దని చెప్పు. రంగు కొట్టేవాడు ఒప్పుకోడు, పని శుభ్రంగా రాదంటాడు. పైపైన గరుకు చేసి, పాత ఎరుపుమీదనే తెలుపు కొట్టవచ్చును. అరిగిన చోట గుంట పూడ్చకుండా ఉంచితే తెలుపు క్రింద కూడా ఆ పల్లం చేతికి తగులుతుంది. దండి విప్పినప్పుడు బయటపడే లోపలి భాగానికి రంగు అంటనివ్వవద్దు, అక్కడ మొదటి ఎరుపు ఎండ తగలక ఇంకా నిగనిగలాడుతూ ఉంటుంది. పని మొదలుపెట్టే ముందు నాలుగువైపులా ఫోటోలు తీసి అమ్మకు ఇవ్వు.

మెట్లు మార్పించడానికి రాజమండ్రి తెచ్చాడు. రంగు సంగతి ఇంకా తేలలేదు, వాళ్ళమ్మ ఆలోచించుకొని చెబుతానందట.